టోబ్రుక్: ఎనిమిది నెలలు లొంగని కోట ఆరు నెలల తర్వాత ఒక్క రోజులో ఎలా పడిపోయింది?

ప్రశ్నల_పద్మ:
రెండో ప్రపంచ యుద్ధం గురించి చదువుతూ లిబియాలోని టోబ్రుక్ దగ్గర ఆగిపోయాను. 1941 ఏప్రిల్‌లో బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉన్న ఆ ఊరిని జర్మన్ సేనాపతి రోమెల్ చుట్టుముట్టాడు, డిసెంబరు దాకా ఎన్నిసార్లు తలుపు కొట్టినా తెరుచుకోలేదు. అదే ఊరు, అదే కందకం, అదే ముళ్లకంచె, మీదికొచ్చింది కూడా అదే రోమెల్. కానీ 1942 జూన్ 20న తెల్లారుతూనే దాడి మొదలుపెడితే మర్నాడు పొద్దునకల్లా లొంగిపోయారు, దాదాపు 33 వేల మంది ఖైదీలయ్యారు. మధ్యలో గడిచింది ఆరు నెలలే కదా, అంతలో ఏం మారింది? చాలాచోట్ల 1942లో కోటని కాచిన సేనాపతి చేతకానివాడు అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు, అది నాకు మింగుడు పడటం లేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి, ఎంత పొడుగున్నా చదువుతాను.

ఎడారిదారి:
పద్మగారూ, మంచి ప్రశ్న అడిగారు, దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. ముందు ఆ కోట ఎలాంటిదో చూద్దాం. కోట అనగానే మనకు గోల్కొండలా రాతిగోడలు, బురుజులు కళ్లముందుకొస్తాయి. టోబ్రుక్‌లో అవేం లేవు. ఒక చిన్న ఊరు, దాని పక్కన చాలా మంచి లోతైన సహజ రేవు, ఆ రెంటినీ చుట్టి సముద్రం నుంచి మళ్లీ సముద్రం దాకా అర్ధచంద్రాకారంలో దాదాపు 50 కిలోమీటర్ల రక్షణ రేఖ. కట్టింది ఇటాలియన్లు, అప్పట్లో లిబియా వాళ్ల వలస రాజ్యం. వాళ్లు కట్టుకున్న కోటనే 1941 జనవరి 22న ఆస్ట్రేలియా 6వ డివిజన్ పట్టేసుకుంది, 25 వేల మంది దాకా ఇటాలియన్లు చిక్కారు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, ఎందుకంటే కాంక్రీటే కాపాడుతుందనుకుంటే ఆ జనవరిలోనే కాపాడాలి.

తర్వాత ఫిబ్రవరి 12న రోమెల్ ట్రిపోలీలో దిగాడు. అదే సమయంలో బ్రిటిష్ వాళ్లు అనుభవం ఉన్న దళాలను గ్రీసుకి తరలించేశారు, లిబియాలో మిగిలింది కొత్తవాళ్లు, పాతబడ్డ ట్యాంకులు. మార్చి 24న రోమెల్ ఎల్ అఘేలా దగ్గర కదిలాడు, రెండు వారాల్లో మొత్తం సైరెనైకా, అంటే తూర్పు లిబియా, ఖాళీ అయిపోయింది. ఎంత గందరగోళం అంటే ఓకానర్, నీమ్ అనే ఇద్దరు జనరళ్లు రాత్రిపూట కారులో వెళ్తూ జర్మన్ల చేతికి చిక్కారు. ఆ వెనక్కి పారిపోయే హడావిడిలోనే ఆస్ట్రేలియా 9వ డివిజన్ టోబ్రుక్‌లోకి వచ్చి పడింది, దాన్ని నడిపించింది లెస్లీ మోర్స్‌హెడ్. యుద్ధానికి ముందు ఓడల కంపెనీలో ఉద్యోగి, అంతకన్నా ముందు బడిపంతులు. ఏప్రిల్ 10, 11 తేదీలకల్లా భూమార్గాలన్నీ మూసుకుపోయాయి.

మాజీ_శాపర్:
నేను ఇంజినీర్స్‌లో పనిచేసి రిటైరయినవాణ్ని, మందుపాతరలు పెట్టడం, తీయడం మా పని. కాబట్టి ఆ రేఖ గురించి నాలుగు మాటలు చెప్తాను. ఇటాలియన్లు చేసిన పని మెచ్చుకోదగ్గదే. రక్షణ స్థానాలు రెండు వరసల్లో ఉంటాయి, ముందు వరసలో ఒకదానికొకటి ఆరేడు వందల మీటర్ల దూరంలో, వెనక వరస ఆ ఖాళీలను కాచేలా. ఒక్కో స్థానం నేలమట్టానికి సమంగా, పైకి ఏమీ కనబడకుండా, కాంక్రీటు గుంతలు, వాటిని కలుపుతూ ఇరుకు కందకం. ఒక్కోదాంట్లో పది పదిహేను మంది. ఎదురుగా వచ్చే శత్రువుకి దగ్గరికొచ్చేదాకా అక్కడ మనుషులున్నారని తెలియదు. బయట ముళ్లకంచె, దాని ముందు ట్యాంకులను ఆపే కందకం.

లోపం ఏంటంటే ఆ కందకం పూర్తి కాలేదు. కొన్నిచోట్ల లోతు లేదు, కొన్నిచోట్ల అసలు తవ్వలేదు. ఇంకో లోపం, ఆ స్థానాల పైన చాలావాటికి కప్పు లేదు, ఫిరంగి గుండు నేరుగా పడితే అంతే. మోర్స్‌హెడ్ వచ్చాక చేసిన మొదటి పని ఈ రేఖ వెనక ఇంకో రేఖ వేయించడం. బయటిది ఎర్ర రేఖ, దాని వెనక నీలి రేఖ, రెండింటి మధ్య మందుపాతరలు. అంటే శత్రువు మొదటి కంచె దాటినంత మాత్రాన గెలిచినట్టు కాదు, లోపల ఇంకో ఉచ్చు ఉంటుంది. కందకం గట్టిగా లేనిచోట మైన్లే దిక్కు. ఇది గుర్తుంచుకోండి, 1942 దగ్గరికొచ్చినప్పుడు మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ప్రశ్నల_పద్మ:
ఇద్దరికీ ధన్యవాదాలు. నాకింకో అనుమానం. అంత కష్టంగా ఉంటే రోమెల్ దాన్ని అలా వదిలేసి పక్కనుంచి ఈజిప్టుకి వెళ్లిపోవచ్చు కదా? ఎడారి అంతా ఖాళీయే.

ఎడారిదారి:
వెళ్లాడు కూడా. అతని మనుషులు సరిహద్దు దాకా వెళ్లి సొల్లూమ్ దగ్గర కూర్చున్నారు. కానీ కదలలేకపోయారు. ఎడారిలో తిండి, నీళ్లు, పెట్రోలు అన్నీ మోసుకెళ్లాల్సిందే, దారిలో దొరికేది ఏమీ లేదు. రోమెల్ సరుకు దిగేది ట్రిపోలీలో, అక్కణ్నుంచి టోబ్రుక్‌కే 1,400 కిలోమీటర్ల రోడ్డు. లారీలు మోసిన పెట్రోల్లో పెద్ద వాటా ఆ లారీలే తాగేసేవి. టోబ్రుక్ రేవు చేతిలో ఉంటే ఆ బాధ సగానికి పైగా తీరుతుంది. పైగా తీరం వెంట ఉన్న ఒక్క మంచి రోడ్డు టోబ్రుక్ గుండానే పోతుంది, అది మూసుకుపోయింది కాబట్టి ఇటాలియన్లు ఊరి చుట్టూ కొత్తగా ఒక పక్కదారి వేయాల్సొచ్చింది. వెనక పాతిక వేల పైచిలుకు శత్రుసైన్యాన్ని పెట్టుకుని ముందుకు పోతే, వాళ్లు ఏ రాత్రయినా బయటికొచ్చి ఆ దారి తెంచేస్తారు. కాబట్టి టోబ్రుక్ లొంగితేనే ఈజిప్టు. కైరోలో ఉన్న బ్రిటిష్ సర్వసేనాని వేవెల్‌కీ, లండన్‌లో ప్రధాని చర్చిల్‌కీ ఈ విషయం స్పష్టంగా తెలుసు, అందుకే వదలొద్దన్నారు.

ఇంకోటి, ముట్టడి చేసింది జర్మన్లే అన్నట్టు రాస్తారు. చుట్టూ కాపలా కాసినవాళ్లలో ఎక్కువమంది ఇటాలియన్లు. బ్రెషా, పావియా, బొలోన్యా, ట్రెంటో డివిజన్లు. వాళ్లూ అదే ఎండలో, అదే ఈగల్లో, ఇంకా తక్కువ తిండితో ఉన్నారు.

లిబియా_రిటర్న్:
నేను 2011 గొడవల ముందు తూర్పు లిబియాలో ఒక నిర్మాణ ప్రాజెక్టులో పనిచేశాను, డెర్నా నుంచి టోబ్రుక్ వైపు చాలాసార్లు వెళ్లాను. అక్కడి నేల చూడనివాళ్లకి ఒక మాట చెప్పాలి. ఎడారి అంటే మెత్తటి ఇసుక తిన్నెలు అనుకుంటాం. అక్కడ అలా ఉండదు. తాండూరు నాపరాయి పరిచినట్టు గట్టి సున్నపురాయి, దాని మీద పలచగా దుమ్ము. గునపం వేస్తే మోగుతుంది తప్ప దిగదు. మా సైటులో గుంత తీయడానికి కంప్రెసర్ పెట్టి బద్దలు కొట్టేవాళ్లు. 1941లో ఆ కుర్రాళ్లు ఆ నేలలో మోకాలి లోతు గుంట తవ్వుకుని, చుట్టూ రాళ్లు పేర్చుకుని, పగలంతా అందులో పడుకుని ఉండేవాళ్లట. తల ఎత్తితే తూటా. ముఖ్యంగా పడమటి వైపు, జర్మన్లు చొచ్చుకొచ్చిన ముక్కలో, లేచి నిలబడేది చీకటి పడ్డాకే. వేడి తిండి వచ్చేదీ అప్పుడే.

దక్షిణం నుంచి వేడిగాలి లేచిందంటే, అక్కడ గిబ్లీ అంటారు, పక్కనున్న లారీ కూడా కనపడదు. అన్నంలో దుమ్ము, కళ్లలో దుమ్ము, కిటికీలన్నీ మూసినా పరుపు మీద దుమ్ము. మాకు గదులున్నాయి, ఏసీలున్నాయి, అయినా ఆ రెండ్రోజులూ తలనొప్పితో చచ్చేవాళ్లం. నీళ్ల సంగతి మరీ ఘోరం. ఊళ్లోని బావుల నీళ్లు ఉప్పగా ఉంటాయి. ముట్టడిలో ఆ నీళ్లకి తోడు సముద్రపు నీళ్లు కాచి తీసినవి కలిపి ఇచ్చేవాళ్లు, అదీ రోజుకి ఒక్కొక్కరికి కొద్ది లీటర్లే, తాగడానికీ కడుక్కోవడానికీ కలిపి. టీ పెడితే ఉప్పుకి పాలు విరిగేవని సైనికులు రాసుకున్నారు.

సిడ్నీ_శారద:
తిండి గురించి నేను చెప్తాను, ఇక్కడ మ్యూజియంలో ఆ డబ్బాలు చూశాను. డబ్బా మాంసం, రాయిలాంటి బిస్కెట్లు, నెలల తరబడి అదే. కూరగాయలు లేక పళ్లచిగుళ్లు పాడవకుండా విటమిన్ సి మాత్రలు ఇచ్చేవారు. విరేచనాలు, ఒంటిమీద మానని పుళ్లు, ఈగలు, గోమార్లు.

మేం సిడ్నీలో లివర్‌పూల్ పక్కన ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఉంటాం, చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామంది ఇళ్లు కొనుక్కున్నారు. ఆ పేరు ఎవరిదో మాలో చాలామందికి తెలియదు. జాన్ ఎడ్మండ్‌సన్ ఈ చుట్టుపక్కల పొలాల్లో పెరిగిన రైతుబిడ్డ, కార్పొరల్. 1941 ఏప్రిల్ 13 రాత్రి జర్మన్లు కొంతమంది టోబ్రుక్ కంచె దాటి లోపల మెషిన్‌గన్లతో పాతుకున్నారు. ఒక లెఫ్టినెంట్, ఎడ్మండ్‌సన్, ఇంకో ఐదుగురు బాయొనెట్లు బిగించి వాళ్లమీదకి పరిగెత్తారు. ఎడ్మండ్‌సన్‌కి మెడలో, కడుపులో గాయాలయ్యాయి, అయినా తన లెఫ్టినెంట్ ఇద్దరు శత్రువుల మధ్య చిక్కుకుంటే వెళ్లి కాపాడాడు. తెల్లారేలోపు ప్రాణం పోయింది, వయసు 26. బ్రిటిష్ సైన్యాల్లో అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం విక్టోరియా క్రాస్, ఆ యుద్ధంలో ఆస్ట్రేలియాకి వచ్చిన మొదటిది అతనిదే. మా పిల్లలు రోజూ ఆ పేరున్న స్టేషన్లో రైలెక్కుతారు, అందుకే వాళ్లకి ఈ కథ చెప్పాను, మీకూ చెబుతున్నాను.

జర్మన్ రేడియోలో ఇంగ్లీషులో మాట్లాడే విలియం జాయిస్, లార్డ్ హాహా అనేవారు, వీళ్లని బొరియల్లో దాక్కున్న ఎలుకలని వెక్కిరించాడు. వాళ్లు ఆ పేరునే తీసుకుని, కూలిన జర్మన్ విమానం రేకుతో ఎలుక బొమ్మ పతకాలు చేసుకున్నారు. ఇప్పటికీ ఇక్కడ టోబ్రుక్ ఎలుకలు అంటే గౌరవం.

ఓరుగల్లు_వాసి:
శారదక్కా, ఆ రాత్రి తర్వాత పొద్దున జరిగిందే అసలు సంగతి, అది కూడా చెప్పాలి. ఏప్రిల్ 14 తెల్లవారుజామున దాదాపు 38 జర్మన్ ట్యాంకులు ఆ సందులోంచి లోపలికొచ్చాయి. అప్పటిదాకా పోలండ్‌లో, ఫ్రాన్స్‌లో జరిగిందేంటి? ట్యాంకులు రేఖ దాటగానే పదాతి దళాలు భయపడి వెనక్కి పరిగెత్తేవి, లేదా చేతులెత్తేసేవి. మోర్స్‌హెడ్ మనుషులు పరిగెత్తలేదు. ట్యాంకులను పోనిచ్చారు, వాటి వెనక వస్తున్న కాలిబంట్లని ఆపేశారు. లోపలికి పోయిన ట్యాంకులకి ఎదురుగా బ్రిటిష్ ఫిరంగులు, ట్యాంకులు ఉన్నాయి, దగ్గర్నుంచి నేరుగా గురిపెట్టి కొట్టాయి. పదహారో పదిహేడో ట్యాంకులు అక్కడే పోయాయి, మిగిలినవి వచ్చిన సందులోంచే బయటికి తోసుకున్నాయి. జర్మన్ ట్యాంకుల దాడిని నేలమీద నిలబడి విరగ్గొట్టడం అదే మొదలు అంటారు, నాకూ అది నిజమే అనిపిస్తుంది.

గోల్కొండ గుర్తొచ్చి ఒక మాట. 1687లో ఔరంగజేబు ముట్టడి కూడా ఎనిమిది నెలలే. అక్కడ కూడా బయటున్నవాడే ఎక్కువ అల్లాడాడు, కరువు, వానలు, గోడ కింద పెట్టిన మందు తిరగబడి సొంత మనుషుల్నే చంపింది. చివరికి లోపలి మనిషే తలుపు తీశాడు కాబట్టి పడింది. అందుకే లోపలివాళ్ల మనసు గట్టిగా ఉంటే ముట్టడి వేసినవాడికే ఎక్కువ నష్టం అని నేను నమ్ముతాను. టోబ్రుక్ బయట కూడా రోమెల్ మనుషులు ఏప్రిల్ చివర మళ్లీ దూకారు, రాస్ ఎల్ మదౌర్ గుట్ట పట్టుకున్నారు, మూడు నాలుగు కిలోమీటర్లు లోపలికొచ్చి మైన్లలో చిక్కి ఆగిపోయారు. బెర్లిన్ నుంచి వచ్చి అది చూసిన జనరల్ పౌలస్ ఇంక దాడులు ఆపమన్నాడు. తర్వాత స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకుని 1943లో లొంగిపోయింది ఆయనే.

వైజాగ్_డాక్‌యార్డ్:
అందరూ నేలమీదే ఉన్నారు. సముద్రం వైపు చూడండి. గోల్కొండకీ దీనికీ తేడా అదే, టోబ్రుక్‌ని నాలుగు వైపులా ముట్టడించలేదు, మూడు వైపులే. నాలుగో వైపు నేవీ తెరిచి ఉంచింది, దానికి నేవీ చెల్లించిన ధర చాలా పెద్దది.

ఎలా జరిగేదంటే, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నుంచి డిస్ట్రాయర్లు, అంటే వేగంగా పోయే యుద్ధనౌకలు, పొద్దున బయల్దేరి, చీకటి పడ్డాక టోబ్రుక్ చేరేవి. వెన్నెల లేని రాత్రులే ఎక్కువ ఎంచుకునేవాళ్లు. రేవు నిండా మునిగిన ఓడలు. ఇటాలియన్ల పాత క్రూయిజర్ సాన్ జార్జియో కూడా అక్కడే కాలిపోయి కూర్చుని ఉంది. ఆ శకలాలకే ఆనించి కట్టి, లైట్లు లేకుండా, తోముకుంటూ సరుకు దించేవాళ్లు, ఒక పక్క పెట్టెలు దిగుతుంటే ఇంకో పక్క గాయపడినవాళ్లని స్ట్రెచర్ల మీద ఎక్కించేవాళ్లు. గంటలోపు అయిపోవాలి, ఎందుకంటే తెల్లారేసరికి జర్మన్ బాంబర్ విమానాలు స్టూకాల పరిధి దాటి పోవాలి. మేం పట్టపగలు, క్రేన్లు పెట్టుకుని ఓడ ఖాళీ చేయడానికే ఎంత టెన్షన్ పడతామో నాకు తెలుసు, ఆ చీకట్లో బాంబుల కింద చేతులతో ఎలా చేశారో తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

లేడీబర్డ్ అనే చిన్న గన్‌బోట్ మే 12న రేవులోనే బాంబు తగిలి అడుగుకి కూర్చుంది. నీళ్లు లోతు లేవు కాబట్టి పైభాగం బయటే ఉంది, ఆ మునిగిన ఓడ మీద ఉన్న విమాన నిరోధక తుపాకిని అలాగే వాడుకున్నారు. ఆస్ట్రేలియా డిస్ట్రాయర్ వాటర్‌హెన్ జూన్ 30న మునిగింది. అక్టోబరు 25న లటోనా అనే ఓడ మునిగింది, అది ఆస్ట్రేలియన్లను బయటికి తేవడానికి వెళ్తున్న ఆఖరి విడత. అది మునిగేసరికి వాళ్ల ఒక బెటాలియన్ ముట్టడి అయ్యేదాకా లోపలే ఉండిపోయింది.

ప్రశ్నల_పద్మ:
ఆస్ట్రేలియన్లను మధ్యలోనే తీసుకొచ్చేశారా? అది నాకు తెలియదు.

ఎడారిదారి:
అవును, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా విడతలుగా. మనుషులు అలిసిపోయారు, బరువు తగ్గారు, ఆస్ట్రేలియా ప్రభుత్వం, వాళ్ల జనరల్ బ్లేమీ మా మనుషుల్ని మార్చాల్సిందే అని పట్టుబట్టారు. చర్చిల్‌కి ఇష్టం లేదు, కోపం కూడా వచ్చింది, అయినా మార్చారు. నా ఉద్దేశంలో బ్లేమీ చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. వాళ్ల స్థానంలో బ్రిటిష్ 70వ డివిజన్, పోలండ్ కార్పాతియన్ బ్రిగేడ్, ఒక చెకోస్లొవాక్ బెటాలియన్ వచ్చాయి. తమ దేశాలు జర్మన్ల కాలికింద ఉన్న మనుషులు వీళ్లు, ఎంత పట్టుదలతో ఉండి ఉంటారో వేరే చెప్పక్కర్లేదు. నవంబరు 18న బయటినుంచి బ్రిటిష్ 8వ ఆర్మీ కదిలింది, 21న లోపలివాళ్లు కంచె తెంచుకుని బయటికొచ్చారు, 27న న్యూజిలాండ్ దళాలతో కలిశారు. రోమెల్ ఆ దారిని మళ్లీ తెంచాడు కానీ నిలబడలేక డిసెంబరు 7 నుంచి వెనక్కి తగ్గాడు. 241 రోజులు అని రాసేవాళ్లు ఏప్రిల్ 10 నుంచి ఆ డిసెంబరు 7 దాకా లెక్కేస్తారు, 231 అనేవాళ్లు నవంబరు 27న ఆపేస్తారు.

కర్నూలు_కుర్రాడు:
అన్నలూ, అక్కలూ, అంతా బాగుంది. ఆస్ట్రేలియన్లు, పోలండ్‌వాళ్లు, బ్రిటిష్‌వాళ్లు. మనవాళ్లు ఎక్కడ? ఆ సామ్రాజ్యం కోసం చచ్చినవాళ్లలో మనవాళ్లు లక్షల్లో ఉన్నారు, ఏ కథలోనూ ఒక్క వాక్యం రాదు. ఇక్కడ కూడా ఇంత చర్చలో ఎవరూ ఎత్తలేదు. నాకు బాధగా ఉంది.

ఎడారిదారి:
తమ్ముడూ, న్యాయమైన మాట అడిగావు. లోపల మనవాళ్లు ఉన్నారు. 18వ క్యావల్రీ. గుర్రాలు పోయి లారీలెక్కిన దళం, 3వ ఇండియన్ మోటార్ బ్రిగేడ్‌లో భాగం. రాజపుత్రులు, జాట్‌లు, కాయంఖానీ ముస్లింలు. ఆ బ్రిగేడ్‌కి ట్యాంకులు లేవు, ట్యాంకుల్ని ఆపే తుపాకులు చాలినన్ని లేవు, అయినా దాన్ని ఎడారి మధ్యలో మెకీలీ అనే పాత కోట దగ్గర రోమెల్ దారిలో నిలబెట్టారు. ఏప్రిల్ 8న ఎక్కువమంది అక్కడ ఖైదీలయ్యారు. 18వ క్యావల్రీలో పెద్ద భాగాన్ని అంతకుముందే టోబ్రుక్ దగ్గరున్న ఎల్ అదెమ్ వైపు పంపడంతో వాళ్లు టోబ్రుక్‌లోకి చేరారు. లారీలు దిగి రక్షణ రేఖలో పదాతి దళంలా నిలబడ్డారు. రాత్రి గస్తీల్లో వాళ్లకి చాలా పేరు. మోర్స్‌హెడ్ పద్ధతి అది, కంచె బయటున్న ఖాళీ నేల శత్రువుది కాకూడదు, రాత్రంతా మనమే తిరగాలి అని. చప్పుడు లేకుండా వెళ్లి శత్రువు కందకాల్లో దిగడంలో 18వ క్యావల్రీ వాళ్లని మించినవాళ్లు లేరని ఆస్ట్రేలియన్లే రాశారు.

ఓరుగల్లు_వాసి:
మెకీలీ ఖైదీల కథకి హైదరాబాద్ లింకు ఉంది, అది నేను చెప్తా. ఆ ఏప్రిల్ మొదట్లోనే సుభాష్ చంద్రబోస్ బెర్లిన్ చేరాడు. ఉత్తరాఫ్రికాలో చిక్కిన భారతీయ సైనికుల్లోంచి జర్మనీలో ఒక దళం తయారుచేయాలనుకున్నాడు. అప్పుడు జర్మనీలో ఇంజినీరింగు చదువుతున్న హైదరాబాదీ ఆబిద్ హసన్ చదువు పక్కనపెట్టి బోస్‌తో చేరాడు, ఖైదీల శిబిరాలకి వెళ్లి సైనికులతో మాట్లాడి దళంలోకి రప్పించే పనిలో ఆయనది ముఖ్యపాత్ర. మనం ఇప్పుడనే జైహింద్ ఆయన సూచనే. 1943లో బోస్‌తో జలాంతర్గామిలో తూర్పుకి వెళ్లింది కూడా ఆయనే. ఒకే బ్రిగేడ్ మనుషులు, ఒకే వారం జరిగిన సంఘటన, కొందరు టోబ్రుక్ కాపాడారు, కొందరు బోస్ దళంలో చేరారు, చాలామంది ఏ పక్కా చేరకుండా యుద్ధం అయ్యేదాకా శిబిరాల్లోనే ఉండిపోయారు. ఎవరిదీ తప్పని నేననను. ప్రమాణం చేసిన సైనికుడికి అది ఎంత నలుగుడో మనం ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పలేం.

మాజీ_శాపర్:
మా మద్రాస్ శాపర్స్, అంటే ఇంజినీర్ దళం, కంపెనీలు కూడా 4వ ఇండియన్ డివిజన్‌తో ఆ ఎడారిలో ఉన్నాయి, అందులో తమిళులు, తెలుగువాళ్లు, మలయాళీలు, కన్నడిగులు అందరూ ఉంటారు. మా సుబేదార్ సుబ్రమణియన్ 1944 ఫిబ్రవరిలో ఇటలీలో మైన్ పేలబోతుంటే తోటివాళ్ల కోసం దానిమీద పడుకున్నాడు. జార్జ్ క్రాస్ అందుకున్న మొదటి భారతీయుడు. సెంటర్‌లో మాకు ట్రైనింగ్ మొదటి నెలలోనే ఆయన పేరు చెబుతారు.

ఇప్పుడు పద్మగారి అసలు ప్రశ్నకి వస్తా. 1942 జూన్‌లో ఏమైంది? మైన్లు. టోబ్రుక్‌కి పడమట గజాలా దగ్గర కొత్త రక్షణ రేఖ వేస్తున్నప్పుడు మైన్లు చాలక టోబ్రుక్ చుట్టూ ఉన్నవాటిని పీకి అక్కడికి తీసుకుపోయారు. కందకంలోకి నెలల తరబడి ఇసుక కొట్టుకొచ్చి పూడిపోయింది, ఎవరూ మళ్లీ తవ్వలేదు. రక్షణ రేఖకి ప్రతి వారం పని ఉంటుంది. కంచె తుప్పుపడుతుంది, మైన్ల గుర్తులు గాలికి పోతాయి, మ్యాపులు మారతాయి. ఎక్కడ మైనుందో ఎక్కడ లేదో కాపలా కాసేవాడికే తెలియకపోతే అది అసలు మైన్‌ఫీల్డే కాదు. జర్మన్లు ఆగ్నేయ మూలలో విమానాలతో బాంబులు కురిపించి, పొగ వేసి, కందకం మీద వంతెనలు వేసుకుని రెండు మూడు గంటల్లో లోపలికొచ్చారు.

ఎడారిదారి:
సార్, మీరు చెప్పిందంతా నిజమే, కానీ నేను దానికి ముందు మెట్టు దగ్గర ఆగుతాను. మైన్లు ఎందుకు పీకారు? ఎందుకంటే 1942 ఫిబ్రవరిలో వేవెల్ స్థానంలోకి వచ్చిన అఖిన్‌లెక్, నేవీ, వైమానిక దళాల అధిపతులు కలిసి టోబ్రుక్ మళ్లీ ముట్టడిలో పడితే పట్టుకుని కూర్చోకూడదని తేల్చుకున్నారు. వైజాగ్ అన్న చెప్పిన ఆ ఓడల నష్టం నేవీ ఇంకోసారి భరించలేనంది. సరే, అదొక నిర్ణయం, దానికో తర్కం ఉంది. కానీ జూన్‌లో గజాలా యుద్ధం ఓడిపోతుంటే లండన్ నుంచి చర్చిల్ టోబ్రుక్ వదలొద్దని ఒత్తిడి తెచ్చాడు. అప్పుడు ఖాళీ చేయాలా, పట్టుకోవాలా, పాక్షికంగా పట్టుకోవాలా అని వారం రోజులు తర్జనభర్జన. మీరన్న ఆ సేనాపతి, జనరల్ క్లాపర్, చేతికి టోబ్రుక్ బాధ్యత వచ్చింది దాడికి వారం ముందు. అతని దక్షిణాఫ్రికా డివిజన్‌తో పాటు లోపలున్నవాళ్లలో చాలామంది గజాలా నుంచి ఓడి అలిసి వచ్చినవాళ్లు.

1941లో మోర్స్‌హెడ్ మొదటి రోజునే చెప్పేశాడు, ఇక్కణ్నుంచి ఓడెక్కి పారిపోవడం ఉండదు, లొంగడం ఉండదు, బయటికెళ్తే పోరాడుతూనే వెళ్తాం అని. వంటవాడి నుంచి గుమాస్తా దాకా అందరికీ తెలుసు తాము ఎందుకున్నారో. ఇటాలియన్లు వదిలిపోయిన పాత ఫిరంగుల్ని ఆ వంటవాళ్లు, గుమాస్తాలే బాగుచేసి, గురిచూసే అద్దాలు లేకపోయినా అంచనాతో పేల్చారు. 1942లో ఎవరూ ఆ మాట గట్టిగా చెప్పలేదు, చెప్పే స్థితిలో కూడా లేరు. నాకైతే అసలు తేడా అక్కడే ఉంది.

మాజీ_శాపర్:
మనసు గట్టిదైనా మైన్ లేకపోతే ట్యాంకు ఆగదండీ. 1941 మే 1న వాళ్లని ఆపింది కూడా మైన్లే, ఓరుగల్లు తమ్ముడే రాశాడు. నిర్ణయం ముఖ్యం కాదనను. కానీ నిర్ణయం ఉన్నా పనిముట్లు లేకపోతే మెకీలీలో జరిగిందే జరుగుతుంది.

వైజాగ్_డాక్‌యార్డ్:
ఇంకో విషయం, 1941లో రోమెల్ మొదటిసారి హడావిడిగా, ఉన్న కొద్దిమందితో, లోపల ఏముందో మ్యాపు కూడా సరిగా లేకుండా దూకాడు. 1942లో దూకింది పూర్తి సిద్ధంగా. 1941 నవంబరులో ఆగ్నేయ మూల మీద దాడికి అతను ప్లాను గీసుకున్నాడు, 8వ ఆర్మీ ముందే కదలడంతో అది ఆగిపోయింది. అదే ప్లాను జూన్‌లో బయటికి తీశాడు. జర్మన్ వైమానిక దళ సేనాని కెసెల్‌రింగ్ దొరికిన విమానాలన్నీ ఆ ఒక్క మూల మీదకి పంపాడు. ఆ మూలలో ఉన్నది ఎవరో తెలుసా? 11వ ఇండియన్ బ్రిగేడ్. మరాఠా బెటాలియన్ మీదే మొదటి దెబ్బ పడింది.

కర్నూలు_కుర్రాడు:
చూశారా, మళ్లీ మనవాళ్లే.

వైజాగ్_డాక్‌యార్డ్:
అవును. ఆ బ్రిగేడ్‌లోని గూర్ఖాలు, కామెరాన్ హైలాండర్లు మిగతావాళ్లు లొంగిపోయాక కూడా పోరాడారు, కామెరాన్లు జూన్ 22 దాకా ఆయుధాలు దించలేదు. టోబ్రుక్ పడిన వార్త చర్చిల్‌కి వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పక్కనున్నప్పుడు చేరింది, రూజ్‌వెల్ట్ అప్పటికప్పుడు షెర్మన్ ట్యాంకులు పంపుతానన్నాడు. ఆ ఏడాదే ఏప్రిల్ 6న మా విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులేశాయి. అప్పుడు భారత సైన్యానికి అధిపతి ఎవరో కాదు, ఏడాది కిందట టోబ్రుక్ పట్టుకోమన్న వేవెలే. మా తాతగారి తరం వాళ్లు విశాఖ వదిలి బళ్లు కట్టుకుని లోపలి ఊళ్లకి పోయారు. ఎడారిలో కోట పడిన వార్త వాళ్లకి దూరపు వార్తలా అనిపించి ఉండదు.

ప్రశ్నల_పద్మ:
ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ నమస్కారాలు. రెండు చిన్న ప్రశ్నలు మిగిలాయి. మనవాళ్ల సమాధులు అక్కడ ఉన్నాయా? ఆ క్లాపర్ తర్వాత ఏమయ్యాడు?

లిబియా_రిటర్న్:
ఉన్నాయమ్మా. టోబ్రుక్ వార్ సెమెటరీ ఊరి బయట రోడ్డు పక్కనే, రెండు వేలకు పైగా సమాధులు. నేను వెళ్లినప్పుడు కాపలాదారు గేటు తీసి రిజిస్టరు చూపించాడు, భారతీయుల పేర్లు అందులో ఉన్నాయి. అదే ఊళ్లో జర్మన్ల స్మారకం వేరే ఉంది, చిన్న కోటలా కట్టారు, లోపల గోడల మీద ఆరువేల దాకా పేర్లు. ఇంట్లో ఎవరైనా ఆ యుద్ధంలో పోయారని తెలిస్తే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేరు, రెజిమెంటు కొట్టి వెతకొచ్చు. మన పేర్ల స్పెల్లింగు రకరకాలుగా రాశారు కాబట్టి పేరుతో దొరక్కపోతే సర్వీసు నంబరుతో చూడండి.

ఎడారిదారి:
క్లాపర్ ఇటలీలో ఖైదీగా ఉండి 1943లో తప్పించుకున్నాడు. యుద్ధం తర్వాత దక్షిణాఫ్రికా సైన్యంలో పైమెట్టు దాకా ఎదిగాడు. 1942లోనే విచారణ జరిపారు, అందులో తప్పు ఎక్కువగా అతనిది కాదనే తేలింది. కానీ ఆ నివేదికని యుద్ధకాలమంతా దాచి ఉంచారు. ఈలోగా చేతకానివాడనే పేరు అతనికి అంటుకుపోయింది. మీకు మింగుడు పడలేదన్నారు చూడండి, ఆ ఒక్క ముక్క తీర్పు అలా పుట్టిందే.